సునీల చెప్పిన జవాబు

సునీల అందగత్తె అని ఊరికి మొదట చెప్పింది వాళ్ళ అక్క రెబెక్కానే. శంషాబాద్ బస్టాండు వెనక సందులో, ఇంటి ముందు గదిలోనే, ఆమెకు లేడీస్ టైలరు దుకాణం ఉండేది. జాకెట్టు కొలతలివ్వడానికి ఎవరొచ్చినా, "మా చెల్లెను చూసిన్రా? టీవీల వచ్చేటోళ్ళు ఈమె ముందట ఏం పనికొస్తరు?" అని అడిగేది. లోపల హోంవర్కు రాసుకుంటున్న సునీల సిగ్గుతో పరదా వెనక్కి జరిగేది. ఇద్దరికీ ఆరేళ్ళ తేడా. తల్లి వరమ్మ బడిలో ఆయా, తండ్రి కాలేబు రాజేంద్రనగర్ వైపు ఒక నర్సరీలో తోటపని. పొద్దున్నే ఇద్దరూ వెళ్ళిపోయేవారు. చెల్లెలికి జడ వేసింది, అన్నం పెట్టింది, డిగ్రీలో చేర్పించింది అన్నీ రెబెక్కానే.

నేను వాళ్ళ ఎదురింట్లో కిరాయికి ఉండేవాణ్ణి. నా పేరు వీరేందర్. ఒక దినపత్రికకు శంషాబాద్ విలేకరిని. ఈ కథలో నా పాలు కూడా ఉంది కాబట్టి ముందే చెప్పుకుంటున్నాను.

ఆ ఇంట్లో మరో మనిషి ఉండేది. శిరీష. మామిడిపల్లి రైతు సత్తయ్య కూతురు. కుట్టుపని నేర్చుకుంటానని పందొమ్మిదో ఏట వచ్చింది. ఆరు నెలల్లో పని వచ్చేసింది, నాలుగేళ్ళయినా ఆమె వెళ్ళలేదు. మొదట రోజూ బస్సులో వచ్చి పోయేది. పెళ్ళిళ్ళ కాలంలో పని ఎక్కువుందని ఆగిపోయేది. తర్వాత దుకాణం వెనక గది వాళ్ళిద్దరిదయింది. బతుకమ్మకు ఊరికి పోయినా నాలుగో రోజుకు తిరిగొచ్చేది. రెబెక్కా తనకొచ్చిన సంబంధాలన్నీ ఏదో ఒక వంక పెట్టి వెనక్కి పంపేసింది. సందులో అందరూ, "సొంత అక్కచెల్లెండ్లు గూడ గిట్ల ఉండరు" అని మెచ్చుకునేవారు. అంతకుమించి ఎవరూ ఆలోచించలేదు.

సునీలకు మాత్రం తెలుసు. అది ఆమె నాకు చాలా తర్వాత చెప్పింది. డిగ్రీ మొదటి సంవత్సరంలో ఒక మధ్యాహ్నం జ్వరంతో కాలేజీ నుంచి ముందే వచ్చేసింది. లోపల ఇద్దరూ ఒకే పళ్ళెంలో తింటున్నారు. సునీల వేళాకోళానికి, "నువ్వు పెండ్లెప్పుడు చేస్కుంటవ్ అక్కా?" అంది.

"నాది అయిపోయిందే" అంది రెబెక్కా.

"ఎవరితోని?"

శిరీష లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చి చెప్పింది. "పోయిన క్రిస్మస్ నాడు మీ చర్చిల ఇద్దరం పక్కపక్కన నిలబడ్డం గద. పాస్టర్ గారు చేతులెత్తి దీవించిండు. అందరు ఆమెన్ అన్నరు. గదే మా పెండ్లి."

సునీల నవ్వింది. వాళ్ళిద్దరూ నవ్వకపోవడం చూసి ఆపేసింది. తర్వాత ఇద్దరి చేతులూ పట్టుకుని, ఎవరికీ చెప్పనని బైబిలు మీద ఒట్టు పెట్టుకుంది. దాచడానికి ఏదైనా మిగిలినంతకాలం ఆ ఒట్టు ఆమె తప్పలేదు. జరిగింది వేరే.

1997లో మా ఊళ్ళో అందాల పోటీ పెట్టారు. మన దేశపు అమ్మాయిలు ప్రపంచ కిరీటాలు తెచ్చినప్పటి నుంచి కాలనీకో పోటీ జరుగుతున్న రోజులవి. ముందు ఏడాది బెంగళూరులో పెద్ద పోటీలు, పెద్ద గొడవలు అయ్యాయి. అందుకని మా యువజన సంఘం వాళ్ళు జాగ్రత్తపడ్డారు. స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్ళయిన సందర్భంగా 'మిస్ శంషాబాద్' అన్నారు. లంగా ఓణీతో ఒకసారి, చీరతో ఒకసారి నడవాలి, చివర ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి, అంతే.

కాలేబు ఒప్పుకోలేదు. "మనకెందుకు బిడ్డా గివన్ని?" అన్నాడు. "చీర కట్టుకొని నడిచి రెండు మాటలు చెప్పుడే గద బాపు" అని రెబెక్కా వారం రోజులు వెంటపడి ఒప్పించింది. చర్చిలో పాస్టర్ తోమాసు గారు కూడా, ఒంటి నిండా బట్టలుంటాయని తెలిశాక సరేనన్నారు.

మూడు వారాలు ఆ ఇల్లు పెళ్ళివారి ఇల్లులా ఉంది. శిరీష ఓణీ అంచుకు ముత్యాలు కుట్టింది. రెబెక్కా మేడ మీద చెల్లెలిని ఆ చివర నుంచి ఈ చివరకు నడిపించింది, తల దించితే కేకలేసింది. ప్రశ్నలు తయారుచేసే పని నాకు అప్పగించారు. వరకట్నం గురించి, చదువు గురించి, దేశం గురించి నలభై ప్రశ్నలు రాసిచ్చాను. సునీల అన్నిటికీ జవాబులు నేర్చుకుంది. పుస్తకాల భాషలో, తడుముకోకుండా చెప్పేది. శిరీష చప్పట్లు కొట్టేది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఫంక్షన్ హాలు నిండిపోయింది. పదకొండు మంది అమ్మాయిలు. చీరల నడక అయ్యేసరికే గెలిచేది ఇద్దరిలో ఒకరని తేలిపోయింది. ఆ ఇద్దరిలో సునీల ఒకతె. హైదరాబాదు నుంచి వచ్చిన జడ్జి ఒక పెద్దావిడ, చేతిలో చీటీ విప్పి చదివింది.

"ఈ మధ్య ఒక ఊళ్ళో ఇద్దరు అమ్మాయిలు గుడిలో దండలు మార్చుకుని పెళ్ళి చేసుకున్నారని పేపర్లో వచ్చింది. అలాంటి పెళ్ళిని చట్టం ఒప్పుకోవాలంటావా అమ్మా?"

హాల్లో ఎవరో ఈల వేశారు. నవ్వులు లేచాయి. నా నలభై ప్రశ్నల్లో అది లేదు.

సునీల మూడో వరుస వైపు చూసింది. అక్కడ రెబెక్కా, శిరీష పక్కపక్కన కూర్చున్నారు. ముందు వరుసలో పాస్టర్ గారు, చర్చి సంఘం పెద్దలు. సునీల మైకు సరిచేసుకుంది.

"పెళ్ళి అనేది స్త్రీ పురుషుల మధ్య దేవుడు వేసిన ముడి. ఇద్దరు ఆడవాళ్ళు కలిసి ఉంటామంటే అది పెళ్ళి కాదు, జబ్బు. చట్టం ఒప్పుకోవడం కాదు, అలాంటి వాళ్ళను విడదీసి ఆసుపత్రిలో చూపించాలి. మన ఊళ్ళ ఆడపిల్లల పరువు మనమే కాపాడుకోవాలి."

చప్పట్లు ఎంతసేపటికీ ఆగలేదు. పాస్టర్ గారు లేచి నిలబడి కొట్టారు. కిరీటం పెడుతూ జడ్జిగారు, "ఈ అమ్మాయి మాట మన పల్లె ఆడపిల్లలందరి మాట" అన్నారు. ఫోటో కోసం నేను పక్కకు జరిగినప్పుడు మూడో వరుస కనబడింది. రెబెక్కా చప్పట్లు కొడుతూనే ఉంది. శిరీష రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటోంది.

ఇంటికెళ్ళాక ఏం జరిగిందో సునీల చెప్పింది. రెబెక్కా నెమ్మదిగా ఆమె చీర పిన్నులు ఒక్కొక్కటే తీసింది. శిరీష అరుగు మీదే కూర్చుండిపోయింది.

"గెలవాలంటే గట్లనే చెప్పాలె గద అక్కా" అంది సునీల.

"మంచిగ చెప్పినవ్" అంది రెబెక్కా. "ఒక్కసారి గూడ ఆగలే."

మర్నాటి పేపర్లో జిల్లా పేజీలో సునీల ఫోటో వచ్చింది. పైన పెద్ద అక్షరాలతో 'అలాంటి వాళ్ళను విడదీయాలి: మిస్ శంషాబాద్'. ఆ శీర్షిక ఆఫీసులో డెస్కు వాళ్ళు పెట్టింది కాదు, నేనే రాసి పంపాను. బాగుందని మెచ్చుకున్నారు కూడా. నాకు అప్పటికి ఏమీ తెలియదని ఇన్నేళ్ళూ చెప్పుకుంటూ వచ్చాను. ఎదురింట్లో నాలుగేళ్ళున్న వాణ్ణి, ఏమీ తెలియలేదంటే అది పూర్తి నిజం కాదు.

పాస్టర్ గారు ఆ వార్తను ఆదివారం ఆరాధనలో చదివి వినిపించారు. రెబెక్కా వరమ్మ పక్కన కూర్చుని విన్నది. తర్వాత బళ్ళల్లో, మహిళా మండళ్ళలో సునీలకు సన్మానాలు మొదలయ్యాయి. ప్రతిచోటా ఆ జవాబే మళ్ళీ చెప్పమని అడిగేవారు. ఆమె చెప్పింది, నాలుగైదు చోట్ల. "చెప్పంగ చెప్పంగ ఇంక మంచిగ వచ్చేది అన్నా. ఎక్కడ ఆపితే చప్పట్లు పడ్తయో తెలిసిపోయింది" అని తర్వాత నా ముందు ఏడ్చింది.

ఆ జవాబు దాకా రెబెక్కా, శిరీషలను ఊరు ఆ కంటితో చూడలేదు. జవాబు విన్నాక చూపు మారింది. కుట్టు నేర్చుకునే పిల్లలు గుసగుసలు పెట్టుకున్నారు, ఇద్దరు మానేశారు. మాట బస్సెక్కి మామిడిపల్లి చేరింది.

దసరా దాటిన వారానికి సత్తయ్య వచ్చాడు, వెంట బావమరిది బుచ్చయ్య. కేకలేస్తాడేమో అని నేను గేటు దగ్గరికి వచ్చాను. ఆయన మెట్టు మీద కూర్చుని మంచినీళ్ళడిగాడు. తాగి, చొక్కా జేబులోంచి నేను రాసిన వార్త ముక్క తీసి కాలేబు ముందు పెట్టాడు.

"కాలేబన్నా, నేను లొల్లి చేయనీకె రాలే. ఊళ్ళె మొఖం చూపెట్టలేకుండ అయింది. మీ బిడ్డనే గిట్ల చెప్పింది. మీ ఇంట్లనే గిదేంది?"

వరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సత్తయ్య సునీల వైపు తిరిగాడు. ఆ గొంతులో కోపం లేదు. తెలిసినవాళ్ళను అడిగినట్టే అడిగాడు.

"నువ్వు చదువుకున్నదానివి బిడ్డా. అంత మంది ముందట చెప్పినవ్. నా బిడ్డ చేసింది తప్పా, కాదా? నువ్వే చెప్పు, నువ్వెట్లంటే గట్ల చేస్త."

అందరూ సునీలనే చూశారు. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. లోపలి నుంచి శిరీష బ్యాగు పట్టుకుని వచ్చింది.

"ఆమెను అడుగకు బాపు. నేనొస్తున్న."

రెబెక్కా తలుపు చెక్క పట్టుకుని నిలబడింది. శిరీష ఆమెను ముట్టుకోలేదు. "మిషిను కాడ మూడు జాకెట్లున్నయి. హుక్కులు కుట్టలే. బుధవారం ఇయ్యాలె" అంది. చెప్పులేసుకుని తండ్రి వెనకాల నడిచి పోయింది.

కార్తీకంలో షాద్‌నగర్ అవతలి పల్లెలో శిరీషకు పెళ్ళి చేశారు. రెబెక్కా నెల రోజుల పాటు ఒప్పుకున్న పనులన్నీ పూర్తి చేసింది, ఎవరి బట్టలు వాళ్ళకిచ్చింది. తర్వాత అత్తాపూర్‌లో ఒక పెద్ద టైలరింగు షాపులో పని చూసుకుని, అక్కడి ఆడవాళ్ళ హాస్టల్లో చేరింది. ఆమె ట్రంకు పెట్టె తీసుకుని బయల్దేరిన పగలు సునీల ఇంట్లో లేదు. ఒక బళ్ళో సన్మానానికి వెళ్ళింది. మెడలో పూలదండతో తిరిగొచ్చి చూస్తే గది ఖాళీగా ఉంది.

ఆ తర్వాత సునీల ఏ సన్మానానికీ పోలేదు. చలికాలంలో ఒకరోజు నా దగ్గరికొచ్చింది.

"నా మాట వాపస్ తీసుకుంట అన్నా. పేపర్ల రాయి."

"ఒకసారి అచ్చయిన మాట వెనక్కు రాదు సునీలా. ఇంక లొల్లి పెద్దగైతది" అన్నాను. పెద్దరికంగా చెప్పాను గానీ, నిజానికి నాకు భయం. ఆ శీర్షిక రాసింది ఎవరని అడుగుతారు కదా.

"ఆ దినం స్టేజి మీదికెళ్ళి అక్కను చూసిన. అక్క తలూపింది. చెప్పు, ఏం కాదు అన్నట్టు ఊపింది. ఏం చెప్పమన్నదో నేను ఆలోచించలే అన్నా. గెలుస్తనా లేదా, గదొక్కటే నా మనసుల ఉండె."

మరుసటి ఏడు అదే హాల్లో మళ్ళీ పోటీ జరిగింది. పాత విజేత కొత్త విజేతకు కిరీటం పెట్టాలి, రెండు మాటలు చెప్పాలి. సునీల మామూలు నూలు చీరలో వచ్చింది. మైకు అందుకుంది. ఈసారి పుస్తకాల భాష లేదు.

"పోయినేడు ఈడ నిలబడి నేనొక మాట చెప్పిన. మీరందరు చప్పట్లు కొట్టిన్రు. గది నేను గెలవనీకె చెప్పిన మాట. అబద్ధం. ఇద్దరు ఆడోళ్ళు కలిసి బతుకుతమంటే బతకనియ్యాలె, పెండ్లి చేస్కుంటమంటే చేస్కోనియ్యాలె. అది జబ్బు కాదు. నేను కండ్లార చూసిన. నా మాటతోని రెండు పానాలు..."

అక్కడికి మైకు ఆపేశారు. గొంతెత్తి ఇంకేదో చెప్పింది, అరుపుల్లో వినబడలేదు. వెనక నుంచి ఒక చెప్పు వచ్చి ఆమె భుజానికి తగిలింది. నిర్వాహకులు రెక్క పట్టి కిందికి దించారు. కొత్త అమ్మాయికి ఇంకెవరో కిరీటం పెట్టారు. కాలేబు కూతురు కోసం ఆగకుండా, తల వంచుకుని రోడ్డు వెంట ఇంటికి నడిచిపోయాడు. సునీల వెనక నేను నడిచాను, పక్కన నడిచే ధైర్యం లేక నాలుగడుగులు దూరంగా.

చర్చి సండే స్కూల్లో పిల్లలకు చెప్పే పని నుంచి సునీలను తీసేశారు. "సంఘం ముందట క్షమాపణ అడిగితే చూద్దాం" అన్నారు పాస్టర్ గారు. "అడగాల్సినోళ్ళు సంఘంల లేరు అయ్యగారూ" అని వచ్చేసింది. ఈసారి నేను వార్త రాశాను, ఆమె అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టుగా. డెస్కులో నాలుగు లైన్లకు కత్తిరించి, 'మాజీ మిస్ శంషాబాద్ వింత వాదన' అని పెట్టారు.

ఆ నాలుగు లైన్ల ముక్కే తీసుకుని ఆమె షాద్‌నగర్ బస్సెక్కింది. శిరీష అత్త అనంతమ్మ మంచి మనిషి. ఎవరని అడిగితే శిరీష, "నాకు కుట్టుడు నేర్పినామె చెల్లె" అంది. అనంతమ్మ చాయ పెట్టడానికి లోపలికి పోయింది. శిరీషకు నెలలు నిండాయి. సునీల ఇచ్చిన పేపరు ముక్కను చదివింది, మడిచింది, తిరిగిచ్చేసింది.

"ఇంట్ల ఉంచుకోలేను సునీలా. చూస్తరు."

"నన్ను క్షమించు వదినా" అంది సునీల. ఆ వరసతో పిలవడం అదే మొదటిసారి.

అప్పటిదాకా గట్టిగా ఉన్న శిరీష ఆ మాటకు మొహం తిప్పుకుంది. అటే చూస్తూ అంది, "గా దినం మా బాపు ముందట ఈ మాట ఒక్కసారి అనకపోతివి. ఆయన ఇనకపోతుండె. నన్ను తోల్కనే పోతుండె. కానీ నేను గా మాట ఇనుకుంట పోతుంటి."

చాయ వచ్చింది. తాగారు. సునీల లేచేటప్పుడు శిరీష చిన్నగా అడిగింది, "అక్క తింటున్నదా?"

సునీల అక్కడి నుంచి నేరుగా అత్తాపూర్ వెళ్ళి అక్కకు అంతా చెప్పింది. రెబెక్కా హాస్టలు వరండాలో నిలబడి విన్నది.

"ఎన్నో నెల?"

"తొమ్మిది."

"సరే, పో ఇగ. పొద్దు గూకుతది" అని రెబెక్కా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి సునీల ప్రతి ఆదివారం అత్తాపూర్ పోయేది. ఒక్కోసారి రెబెక్కా కిందికి దిగి వచ్చేది. ఇద్దరూ అమ్మ కీళ్ళ నొప్పుల గురించి, బాపు దగ్గు గురించి మాట్లాడుకునేవారు. ఒక్కోసారి లేనని చెప్పి పంపేది. ఒకనాడు సునీల ఉండబట్టలేక, "నన్ను రెండు తిట్టు అక్కా" అంది. రెబెక్కా ఆమె జుట్టు వెనక్కి సర్దింది. "తిడితే తగ్గుతదనుకున్నవా?" అంది. అంతే. 1999 ఎండాకాలంలో ఒక ఆదివారం వెళితే, రెబెక్కా బట్టల ఫ్యాక్టరీ పనికి బెంగళూరు వెళ్ళిపోయిందని వార్డెను చెప్పింది. అడ్రసు ఇవ్వలేదట.

శంషాబాద్ చుట్టుపక్కల పెద్ద విమానాశ్రయం వస్తుందని జనం మాట్లాడుకుంటున్న రోజులు. అద్దె ఎక్కువొస్తుందని మా ఓనరు ఇల్లు ఖాళీ చేయమంటే నేను సామాన్లు సర్దుకుంటున్నాను. సునీల అప్పటికి ఒక చిన్న ప్రైవేటు బళ్ళో ఒకటో తరగతికి చెబుతోంది. సంబంధాలు వచ్చినట్టే వచ్చి, ఆ పోటీ సంగతి తెలిసి వెనక్కి పోతున్నాయి. ఆమె దానికి బాధపడినట్టు నాకు కనబడలేదు.

వెళ్ళేముందు చెప్పిపోదామని వాళ్ళింటికి పోయాను. ఆ పొద్దునే బెంగళూరు నుంచి ఉత్తరం వచ్చింది, వరమ్మ పేరు మీద. వరమ్మకు చదువు రాదు. సునీల చదువుతుంటే నేను గుమ్మంలో ఆగిపోయాను. అమ్మకు, బాపుకు వందనాలు. పని బాగానే ఉంది. నలుగురం ఒక గదిలో ఉంటున్నాం. అమ్మ మోకాళ్ళకు నూనె రాసుకోవాలి. బాపు బీడీలు మానేయాలి. అంతటితో ఉత్తరం అయిపోయింది. సునీల కాగితం వెనక్కి తిప్పి చూసింది. వెనక ఏమీ లేదు.

"నీకేం రాసింది బిడ్డా?" అని అడిగింది వరమ్మ.

సునీల కాగితం మీద నుంచి కళ్ళు ఎత్తలేదు.

"సునీలను పానం మంచిగ చూస్కోమను, యాళ్ళకు తినుమను, అని రాసింది అమ్మా."

వరమ్మ ముఖం విప్పారింది. "చూసినవా, దానికి నీ మీద ఎంత ప్రేమో, ఎంత పావురమో" అంది. "జర మళ్ళ సదువు, గా ముక్క."

సునీల మళ్ళీ చదివింది.